సున్నుండల కాగితం

మా మామ్మ వంటల పుస్తకంలో, మొదటి సగందాకా, ఒక్క వంటా పూర్తిగా ఉండదు. బొబ్బట్లకు శనగపప్పు ఉడుకుతుంది, బెల్లం పడుతుంది, రుబ్బబోయేసరికి కాగితం అయిపోతుంది. గుత్తివంకాయకు కారం కొట్టుకోవడం వరకూ వచ్చి ఆగుతుంది, కాయల్లో కూరే పని మనకే వదిలేసింది. జంతికల పిండి తడిపాక ఏమైందో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు. కొన్నింటికి తోక లేదు, కొన్నింటికి తల లేదు. ఒకదానికి రెండూ లేవు, మధ్యలో ‘సన్నని సెగ మీద’ అన్న ముక్కతో మొదలై ‘ఆ తరువాత’ అన్నచోట ముగుస్తుంది. అది కూరో పచ్చడో పాయసమో తేల్చడానికి ప్రతి సంక్రాంతికీ ఇంట్లో పెద్ద చర్చ.

‘మా అమ్మకి రాని విద్య లేదు, కత్తెర పట్టడం తప్ప’ అని పెదనాన్న నవ్వేవాడు. ఆ మాట మా ఇంట్లో సామెతైపోయింది.

పుస్తకం అంటున్నాను గానీ అది లెడ్జరు. తాతయ్య తెనాలిలో ఒక రైసుమిల్లులో గుమాస్తా. మిల్లులో సగం వాడి వదిలేసిన లెడ్జరొకటి ఇంటికి తెచ్చి, మామ్మ కత్తిరించి పరుపు కింద దాచుకుంటున్న కాగితాలన్నీ అందులో అంటించి ఇచ్చాడు. అంటించడమంటే ఏదో మెతుకు రాసి అద్దడం కాదు. మైదా ఉడికించి, అందులో పిసరంత మైలుతుత్తం కలిపి, కాగితం వెనకంతా పట్టించి, పైన తూకపురాళ్లు పెట్టి తెల్లారేదాకా ఆరనిచ్చేవాడట. మైలుతుత్తం కలిస్తే పురుగు ముట్టదు. అరవై ఏళ్లు దాటినా ఒక్క మూల లేవలేదు. మిల్లు నుంచి అలిసిపోయి వచ్చి, పెళ్లాం వంట చీటీల కోసం రాత్రిపూట జిగురు కాచుకున్న మగాడు ఆ కాలంలో ఇంకొకడుంటే చూపించమని పెదనాన్న పందెం. మేమెవరం చూపించలేకపోయాం.

పేపరు కూడా మిల్లుదే. షావుకారు చదివి, గుమాస్తాలు చదివి, సాయంత్రానికి తాతయ్య చంకలో ఇంటికొచ్చేది. మామ్మ స్కూలు ఫైనలు ప్యాసైంది. ఆ ముక్క మా ఇంట్లో అందరూ గొప్పగానే చెప్పుకుంటారు, పెళ్లిచూపుల్లో కీర్తన పాడిందన్నంత తేలిగ్గా. అంట్లు తోమడం అయ్యాక దీపం దగ్గర కూర్చుని పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివేదట. అవి ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ ‘ప్రమదావనం’ నడుపుతున్న రోజులు. ఆడవాళ్లు వంట సంగతి మొదలుకుని చదువు, ఉద్యోగం, మొగుడు, అత్తగారు, అన్నీ ఆవిడకే రాసి అడిగేవాళ్లు. మామ్మ లెడ్జరులో మాత్రం వంటలు తప్ప మరో గొడవ లేదు. ‘మా అమ్మకి వంటిల్లే లోకం’ అనడానికి పెదనాన్న చూపించే సాక్ష్యం అది.

నిజం చెప్పొద్దూ, తలా తోకా లేకపోయినా ఆ ముక్కలు చదువుతుంటే ఆనాటి ఇల్లు కళ్లక్కడుతుంది. ముందు కొలతలు. అర వీశ బెల్లం, మానికెడు బియ్యం, గిద్దెడు నెయ్యి. వీశంటే 120 తులాలు, ఇప్పటి లెక్కలో దాదాపు కిలో నాలుగు వందల గ్రాములు. ఎనిమిది వీశలు ఒక మణుగు. ఇది తూకం. పోసే కొలత వేరు: నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. మా అన్నయ్య కూతురు ఇంజనీరింగు చదువుతోంది. ఆ లెక్కలన్నీ ఫోనులో వేసుకుని, ‘బాబాయ్, ఇది నలుగురికి వంటా, నలభై మందికా?’ అంది. నలుగురి ఇల్లని ఎవరన్నారు? తాతయ్య తమ్ముళ్లిద్దరు, మేనత్త ఒకావిడ, చదువుకోడానికి వచ్చి ఉండిపోయిన చుట్టాల పిల్లలు, పంక్తికి పదిహేను ఆకులు తగ్గేవి కావట. చివరి ఆకు మామ్మది.

పొయ్యి గురించి ఒక పేజీ ఉంది. మిల్లులో ఊకకు కొదవ లేదు కనక మా వాళ్లది ఊకపొయ్యి. రేకు డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ ఊక పోసి దిమ్మిసతో కొట్టినట్టు గట్టిగా దట్టించాలి. తర్వాత సీసాను మెల్లగా తిప్పుతూ పైకి లాగాలి. లోపల నిలువునా గొట్టంలా ఖాళీ మిగులుతుంది. కింది కంతలో నుంచి పుల్ల అంటిస్తే ఆ గొట్టం వెంట మంట లేస్తుంది, పూటంతా కాలుతుంది, గొట్టాం పెట్టి ఊదే పని లేదు. లాగేటప్పుడు చెయ్యి వణికిందా, ఊకంతా కూలి మళ్లీ మొదటికి. ఇదంతా అత్తయ్య నోటితో చెప్పింది. కాగితంలో సీసా నిలబెట్టడం వరకే ఉంది.

ఇంకో ముక్క కళాయి గురించి. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు పెట్టొద్దు, చిలుము దిగి కడుపులో తిప్పుతుంది. నెలా రెండు నెలలకోసారి కళాయివాడు వీధి మొగలో గుంట తవ్వి తిత్తి పెట్టేవాడు. కాలిన గిన్నెలో తగరం ముక్క రాసి, నవసాగరం చల్లి, గుడ్డతో ఒక్క చుట్టు చుడితే లోపలంతా వెండిలా మెరిసిపోయేది. ఆ పొగ వాసన తగిలిందంటే వీధిలో పిల్లలందరూ అక్కడే. పసుప్పచ్చ డబ్బా మీద చెట్టు బొమ్మతో డాల్డా ప్రకటన కూడా ఒకటుంది, సగం. అత్తయ్య దాన్ని చూసినప్పుడల్లా ఆ డబ్బాలో కరివేపాకు మొక్క పెంచిన సంగతే చెబుతుంది తప్ప అందులో ఏం వండారో చెప్పదు.

మొదటి సగంలో చెక్కుచెదరని కాగితం ఒక్కటే. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినప్పుడు వేసిన పట్టిక. రూపాయికి 16 అణాలు పోయి 100 నయాపైసలయ్యాయి. అణాకి లెక్క ప్రకారం ఆరుంబావు పైసలు. ఆ పావు పైసా ఎవరిదన్న దాని మీద తోటకూర కట్ట దగ్గర కూడా తగువే. ఆ పట్టిక తాతయ్య స్వయంగా కత్తిరించింది. అంచులు స్కేలు పెట్టి కోసినట్టుంటాయి.

లెడ్జరు మధ్యకొచ్చేసరికి మామ్మకి కత్తెర పట్టడం వచ్చేసింది. అక్కడి నుంచి ప్రతి వంటా మొదటి మాట నుంచి వడ్డన దాకా నిండుగా ఉంటుంది. కాలం కూడా మారింది. 1962 ఏప్రిల్ నుంచి కిలోలు తప్పనిసరి చేశారు, వంటల్లో వీశలు పోయి గ్రాములు దిగాయి. ఆ తర్వాత కరువు రోజులు. అమెరికా నుంచి ఓడల్లో గోధుమలొచ్చాయి. వరన్నం తప్ప ఎరగని డెల్టాలో గోధుమలతో ఏం చేయాలో ఎవరికి తెలుసు? గోధుమరవ్వ పులిహోర, గోధుమ దోసె, చపాతీకి పిండి ఎంతసేపు నాననివ్వాలి, అన్నీ కత్తిరించి పెట్టింది. 1965లో లాల్ బహదూర్ శాస్త్రి సోమవారం రాత్రి భోజనం మానమన్నారు. తాతయ్య మానేశాడు. మానేసి ఉప్మా తినేవాడు, ఆ ఉప్మా కాగితం కూడా ఉంది. ఈ రెండో సగం కాగితాల నిండా నూనె మరకలు, పసుపు వేలిముద్రలు. మొదటి సగం కాగితాల మీద ఒక్క మరక లేదు.

ఈ రెండు సగాల మధ్యన, ఒక పేజీ మొత్తానికి ఒకే కాగితం అంటించి ఉంటుంది. మా ఇంటికి అదే తలమానికం. అది అచ్చు కాగితం కాదు. తాతయ్య చేతిరాత, పెన్సిలుతో. పైన ‘శ్రీమతి చేతి సున్నుండలు’ అని రాసి కింద గీత గీశాడు. కుడి వైపు మూల తేదీ: 12-6-61. మినుములు మానిక. బెల్లం అర వీశ. నెయ్యి సోలెడు. ఏలకులు కాసిని. విసరవలెను, కలపవలెను, ఉండలు చుట్టవలెను. అంతే.

జన్మలో వంటింటి గడప దాటని మనిషి పెళ్లాం చేతి వంట తన చేత్తో రాసి పెట్టుకున్నాడంటే, ఇంకేం కావాలి? మా ఇంట్లో ఏ కొత్త జంటకు దీవెనలు చెప్పినా పెదనాన్న ఈ కాగితం ప్రస్తావన తేకుండా ఉండడు. ఆ రోజు ఆ సున్నుండలు ఎంత బాగా కుదిరుంటే తేదీ కూడా వేశాడో చూడండి అంటాడు. అత్తయ్య మాత్రం ఎప్పుడూ పెదవి విరుస్తుంది.

‘మినుములు వేయించడం ఏదన్నయ్యా ఇందులో? పచ్చి పిండితో చుడితే అంగిట్లో అతుక్కుని చస్తారు. ఇది వంట రాసినట్టు లేదు, కొట్టుకు పంపే చీటీ రాసినట్టుంది.’

‘ప్రేమని చూడవే, వేపుడు కాదు.’

కాగితం కూడా మిగతావాటిలా లేదు. పేపరు ముక్కలన్నీ గోధుమ రంగుకు తిరిగి పెళుసెక్కాయి, ఇది మాత్రం దళసరిగా ఇంకా పట్టు తప్పకుండా ఉంది. ఒకటే లోపం, అక్కడక్కడా సూదిమొనతో పొడిచినట్టు సన్నటి చిల్లులు. దీపం ముందు పెడితే చుక్కల్లా కనపడతాయి. పురుగు కొట్టిందని పెదనాన్న. మైలుతుత్తం కలిపిన జిగురును పురుగెలా ముట్టిందని అత్తయ్య. ఆ పూట తుత్తం అయిపోయుంటుందని పెదనాన్న. ఆయన దగ్గర ప్రతిదానికీ జవాబుంటుంది, పెద్దకొడుకు కదా.

ఈ ఏడు తాతయ్య శతజయంతి. పెదనాన్న పూనుకుని అందరినీ తెనాలిలో పోగేశాడు. అమెరికాలో ఉన్నవాళ్లు కూడా వచ్చారు. లెడ్జరంతా ఫొటోలు తీసి చిన్న పుస్తకంగా అచ్చు వేయించి చుట్టాలందరికీ పంచాలని, సున్నుండల కాగితాన్ని పటం కట్టించి తాతయ్య ఫొటో పక్కన పెట్టాలని ఏర్పాటు. ఫొటోలు తీసే పని అన్నయ్య కూతురికి, పటం పని నాకు పడ్డాయి.

ఆ పిల్ల ఊరికే ఫొటోలు తీస్తే పోయేది. మొదటి సగంలో ఏదో పేజీ మసగ్గా ఉందని, ఆకు లేపి వెనకనుంచి ఇంకో ఫోను లైటు వేసింది. అరిసెల కాగితం వెనకనున్న అచ్చు అద్దంలోలా తిరగేసి కనపడింది. ఫొటోని ఫోనులోనే తిప్పి చదివింది.

‘కావలెను.’

ఇంకో ఆకు లేపింది. టెలిఫోను ఆపరేటర్లు కావలెను. ఇంకొకటి, గ్రామసేవికలు. ఇంకొకటి, స్కూలు ఫైనలు ప్యాసైన స్త్రీలు దరఖాస్తు చేసుకోవచ్చును. బొబ్బట్ల వెనక, గుత్తివంకాయ వెనక, తలా తోకా లేని ఆ పేరు తెలియని వంట వెనక. ప్రతి ప్రకటనా నాలుగు వైపులా గీతతో సహా పొందిగ్గా, అక్షరం పోకుండా ఉంది. వంట ఎక్కడ తెగిందో ప్రకటన అక్కడ పూర్తయింది.

‘తాతమ్మ కత్తెర వంకర కాదు తాతయ్యా,’ అంది అది పెదనాన్నతో. ‘మనం చదివే వైపు వేరు.’

హాల్లో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. అత్తయ్యే ముందు తేరుకుంది. ‘అమ్మ జాకెట్లు కుట్టేదర్రా. మెడ కత్తిరిస్తే నూలుపోగంత తేడా వచ్చేది కాదు. కత్తెర రాదని మనమంతా ఎట్లా నమ్మామో.’

పెదనాన్నకు కోపమొచ్చింది. ‘పేపరన్నాక వెనక ఏదో ఒకటి అచ్చవుతుంది. దానికీ అర్థాలు తీస్తారా? ఉద్యోగం చేయాల్సిన ఖర్మేం పట్టింది మా అమ్మకి? మహారాణిలా చూసుకున్నాడు నాన్న. రెబ్బ కరివేపాకు కోసం కూడా వీధి గుమ్మం దాటనివ్వలేదు, అన్నీ ఇంటికే తెచ్చి పడేసేవాడు. ఒకవేళ ఆవిడ సరదాపడి కత్తిరించుకుందే అనుకో, ఆ అమాయకుడికేం తెలుసు? వంటలే అనుకున్నాడు పాపం, అందుకే అటువైపు పైకి పెట్టి అంటించాడు.’

అది నిజమే అనిపించింది అందరికీ. పాపం, ఆయనకేం తెలుసు. భోజనాలకు లేచాం.

సున్నుండల పేజీ పటాలు కట్టే ఆయన దగ్గర అప్పటికే ఇచ్చి ఉన్నాను. మార్కెట్టు వెనక సందులో చిన్న కొట్టు. దేవుడి పటాలు, పోయినవాళ్ల పటాలు పక్కపక్కనే గోడకి ఆనించి ఉంటాయి. పెద్దాయన, చెయ్యి నెమ్మది. లెడ్జరు ఆకుతో సహా కట్టేస్తే లోపల గాలి బుడగలు వస్తాయని, కాగితాన్ని ఆకు నుంచి విడదీయక తప్పదని ముందే చెప్పాడు. తడిగుడ్డ కింద రాత్రంతా ఉంచితే మైదా అదే వదిలేస్తుందట. రాత పోదు కదా అంటే, పెన్సిలు గనక బతికిపోయిందండీ, సిరా అయితే నీళ్లు తగలగానే కరిగిపోయేది అన్నాడు.

సాయంత్రం నేను వెళ్లేసరికి కాగితం అద్దం మీద ఆరబెట్టి ఉంది. సున్నుండలు పైకి, చెక్కుచెదరకుండా. పెదనాన్నకు పంపుదామని ఫొటో తీసుకుంటుంటే ఆయన చిల్లుల మీద వేలు పెట్టాడు.

‘పురుగు కొట్టిందన్నారు గందా. ఇది పురుగు కాదండీ. మా నాన్న కోర్టు దగ్గర టైపు కొట్టేవాడు. చుక్క అక్షరం కాస్త గట్టిగా పడితే కాగితం అవతలికి దిగిపోద్ది. ఇవన్నీ చుక్కలు. వాక్యం అయిపోయిన కాడల్లా ఒకటి.’

అని కాగితం నెమ్మదిగా లేపి తిరగేశాడు.

వెలిసిపోయిన ఊదా రంగు టైపు, ఇంగ్లీషులో. పైన గుండ్రటి ముద్ర, కింద సంతకం. పేరు పక్కన ఇంటిపేరు మాది కాదు. ఎవరిదో కాగితమనుకుని సగం చదివాక వెలిగింది, అది మామ్మ పుట్టింటి ఇంటిపేరు, బడి సర్టిఫికెట్టులో ఉన్నది. కింద ఇంటి నంబరు మాత్రం మాదే. ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా నియమించడమైనదనీ, 12-6-61 తేదీ ఉదయం పదిన్నరలోగా వచ్చి చేరవలసిందనీ, ఆ గడువు దాటితే ఈ ఉత్తర్వు రద్దయినట్టే భావించాలనీ ఉంది. ఊరు దూరమేం కాదు, తెనాలి నుంచి ఆటోలో పావుగంట.

నేనే కాగితాన్ని మళ్లీ ఇటు తిప్పాను. కుడి వైపు మూల పెన్సిలుతో, గుమాస్తా పొందికతో, తేదీ స్పష్టంగానే ఉంది.

పెద్దాయన ఫ్రేము బద్దలు కొలత చూసుకుంటున్నాడు. చీకటి పడుతోంది, కొట్టు కట్టేసే వేళ.

‘రెండు పక్కలా అద్దం వేసి కట్టొచ్చండీ, కానీ గోడకి తగిలిస్తే ఒకటే కనపడుద్ది. ఏ వైపు పైకి పెట్టమంటారు?’